మ్యాటు కింద తుప్పు

మొన్న ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర నేను చేసిన పనికి, నాతో ఆటోలో వస్తున్న మా కోడలు సిగ్గుతో తల దించుకుంది. నాగోలులో చుట్టాలింటికి పేరంటానికి వెళ్ళి తిరిగి వస్తున్నాం. ఎర్ర దీపం పడి ఆటో ఆగింది. మా ముందు ఒక పాత పికప్ బండి, దాని వెనక సరుకులు వేసే తొట్టిలో నలుగురైదుగురు కూలి ఆడవాళ్ళు కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నారు. బండికి వేసిన రంగు కొత్తగా నిగనిగలాడుతూనే ఉంది గానీ, చక్రం పైనున్న రేకు అంచున, ఒంటి మీద అమ్మవారు పోసినట్టు, చిన్న చిన్న బొబ్బలు లేచి ఉన్నాయి. వాటి మీదే నా చూపు పడింది. ఎప్పుడు దిగానో నాకే తెలియదు, పోయి డ్రైవరు తలుపు మీద అరచేత్తో దబదబా బాదుతూ, "ఆళ్లను దించు బిడ్డా, ముందుగాల దించు" అని అరుస్తున్నాను. ఆ అబ్బాయి బిత్తరపోయి, "ఏమైందమ్మా, ఎవ్వరికన్న తాకిందా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే పచ్చ దీపం వెలిగింది, వెనక నుంచి హారన్లు మోగాయి, బండి వెళ్ళిపోయింది. అరవయ్యేళ్ళ మనిషిని, పట్టుచీరతో నడిరోడ్డు మీద నిలబడిపోయాను.

ఇంటికి వచ్చాక కోడలు మంచినీళ్ళిచ్చి, ఏమైందని మెల్లగా అడిగింది. ఏమని చెప్పను? తనకు చెప్పలేకపోయిన దాన్ని, నా ఈడు వాళ్ళయితే అర్థం చేసుకుంటారన్న ధైర్యంతో, ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. పెళ్ళయ్యాక కొత్తపేటలో కిరాయి ఇంటికి కాపురానికి వచ్చాను. మా ఇంటాయన బస్సు డ్రైవరు. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. మా సందు చివర, విజయవాడ పోయే పెద్ద రోడ్డు వైపున, ఒక రేకుల షెడ్డు ఉండేది. పాత బండ్లకు సొట్టలు తీసి, రేకులు అతికి, రంగులు వేసే షెడ్డు అది. దాన్ని నడిపే మేస్త్రీ గుంటూరు వైపు నుంచి అప్పటికే పాతికేళ్ళ కిందట వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. పొట్టిగా, మెడలో తువ్వాలుతో, ఎప్పుడూ ఇనుప రజను వాసన వేస్తూ ఉండేవాడు. ఆయన భార్య నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేది. ఒకసారి షెడ్డులో సీట్లు కుట్టే అతను చెప్పకుండా మానేసి పోతే, ఆవిడే నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, "జాకెట్టు కుట్టే చెయ్యి సీటు కుట్టలేదా ఏంటి, ఈ అమ్మాయికి ఇవ్వండి పని" అని ఆయన ముందు నిలబెట్టింది. ఆడమనిషి షెడ్డులో పని చేయడమేమిటని మా వాళ్ళు రెండు రోజులు గొణిగారు. మూడో రోజు నుంచి నేను లావు సూదితో రెక్సిన్ కుట్టడం మొదలుపెట్టాను. అలా పన్నెండేళ్ళు కుట్టాను.

పాత పికప్ బండ్ల లోపలి సంగతి ఎన్నడూ చూడని వాళ్ళకు చెబితే నమ్మరు. డ్రైవరు రోజుకు యాభైసార్లు ఎక్కి దిగుతాడు కదా, అందుకని సీటుకు ఆ పక్క అంచు ముందు చస్తుంది. రెక్సిన్ పగులుతుంది, లోపలి ఫోము పొడి పొడిగా రాలుతుంది, ఆఖరికి స్ప్రింగు బయటికి వచ్చి తొడకు గుచ్చుకుంటుంది. పైకప్పుకు అంటించిన గుడ్డ జిగురు వదిలి, గబ్బిలం రెక్కలా డ్రైవరు నెత్తి మీద వేలాడుతుంది. ఎండకు డాష్‌బోర్డు నెర్రెలిస్తుంది. తలుపు లోపలి పిడి విరిగిపోతే తాడు కడతారు, ఆ తాడు తెగితే కిటికీలోంచి చెయ్యి పెట్టి బయటి నుంచి తీసుకుంటారు. ఇవన్నీ కంటికి కనిపించే రోగాలు. వీటికి మందుంది. కనిపించనిది నీళ్ళ రోగం. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు ఎండిపోయి బిగుసుకుపోతే, వాన నీళ్ళు చప్పుడు లేకుండా లోపలికి దిగి, కాళ్ళ కింద మ్యాటులోకి చేరతాయి. మ్యాటు కింద గోనె లాంటి మెత్త ఒకటి ఉంటుంది. అది ఆ నీటిని ఎండాకాలం దాకా దాచుకుంటుంది. పైన డ్రైవరు దర్జాగా చెప్పులు పెట్టుకుని కూర్చుంటాడు, కింద రేకు మెల్లగా కరిగిపోతూ ఉంటుంది. వెనక తొట్టిది ఇంకా ఘోరం. అప్పట్లో పండ్ల మార్కెట్టు మా కొత్తపేటలోనే ఉండేది. అక్కడ తిరిగే బండ్ల తొట్టెల్లోకి కుళ్ళిన బత్తాయిల రసం, మామిడి రసం దిగి, మట్టితో కలిసి, రేకును మోసే అడ్డ కమ్ముల సందుల్లో పేరుకునేది. ఆ పులుపు ఇనుమును తినేసేది. బండి వయసు బానెట్టు మీద కాదు చెల్లెమ్మా, మ్యాటు కింద చూడాలి అని మేస్త్రీ అన్న నాకు మొదటి వారంలోనే చెప్పాడు.

ఇక నేను చెప్పబోయేది తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజుల సంగతి. మీకు గుర్తుండే ఉంటుంది, సకల జనుల సమ్మె నడుస్తున్నప్పుడు బస్సులు లేవు, బడులు లేవు, దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా నుంచి ఎల్బీనగర్ దాకా ఏ రోజు ఏ దారి మూస్తారో తెలియదు. మా ఇంటాయన సమ్మెలో ఉండి ఇంట్లోనే ఉన్నాడు. ఇంట్లో పొయ్యి వెలగడం నా సూది మీదే ఆధారపడింది గానీ, బంద్ ఉన్న ఊళ్ళో సీట్లు ఎవరు కుట్టించుకుంటారు? మేస్త్రీ అన్న షట్టరు సగం దించి లోపల కూర్చునేవాడు. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు, అయినా ఆయన భార్య మాత్రం బయటికి వెళ్ళి మాట్లాడవద్దని, మాట్లాడితే మన యాస తెలిసిపోతుందని ఆయనకు రోజూ చెప్పి పంపేది. నేనేమో సాయంత్రం కాగానే మా సందు ఆడవాళ్ళతో కలిసి ర్యాలీకి వెళ్ళేదాన్ని. పొద్దున్నే మళ్ళీ ఆయన షెడ్డులో కూర్చుని ఆయనతో కలిసి టీ తాగేదాన్ని. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం వస్తాయని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఆ రోజుల్లోనే ఒక మనిషి తెల్లటి పాత పికప్ బండి తెచ్చి షెడ్డులో పెట్టాడు. చాలా ఏళ్ళు మార్కెట్టులో పండ్లు మోసిన బండి. రంగు వేసి, సీట్లు కొత్తవి కుట్టి ఇస్తే అమ్ముకుంటానన్నాడు. వారం రోజుల తర్వాత వచ్చిన మొదటి పని. నేను సంబరంగా సీటు బోల్టులు విప్పి, సీటు బయట పెట్టి, మ్యాటు అంచు పట్టుకుని లాగాను. మ్యాటుతో పాటు కింది రేకు కూడా పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. నా మోకాళ్ళ ముందు షెడ్డు నేల కనిపించింది. నేల మీద పడి ఉన్న బోల్టు, దాని పక్కన పాకుతున్న చీమలు కూడా కనిపించాయి. ఒక్క క్షణం నేనేం చూస్తున్నానో నాకు బోధపడలేదు. ఇన్నాళ్ళూ ఒక మనిషి ఇక్కడ కాళ్ళు పెట్టుకుని, రోడ్డు మీద అంత వేగంతో పోయాడా అనుకుంటూ మేస్త్రీ అన్నను కేకేశాను. ఆయన వచ్చి చూసి, బండి కిందికి దూరి, తొట్టి అడుగున స్క్రూడ్రైవరుతో పొడిచాడు. అది నానిన బిస్కెట్టులోకి దిగినట్టు దిగిపోయింది. తొట్టిని మోసే అడ్డ కమ్ముల్లో రెండు పూర్తిగా పోయాయి, మిగతావి పేరుకే ఉన్నాయి.

ఆ సాయంత్రం బండి ఆసామి వచ్చాడు. అడుగు మొత్తం కోసి కొత్త కమ్ములు వేయాలని, లేకపోతే మనుషుల ప్రాణాలు పోతాయని మేస్త్రీ అన్న చెప్పాడు. అతను నవ్వేశాడు.

"అమ్మేటోనికి గవన్నీ ఎందుకు మేస్త్రీ? పైన మెరిస్తే చాలు. నువ్వు చెయ్యవా, ఇంకో షెడ్డు చూసుకుంట."

మేస్త్రీ అన్న చాలాసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. నా వైపు చూశాడు. వద్దు అని నేను ఒక్క మాట అంటే ఆయన వద్దనేవాడని ఇప్పటికీ నమ్ముతాను. నేను అనలేదు. మా ఇంట్లో బియ్యం డబ్బా సగానికి దిగింది, సమ్మె ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. తల దించుకుని సూదిలోకి దారం ఎక్కించాను. అదే నా జవాబు అయింది.

ఆయన పల్చటి రేకు ముక్కలు అతికి, గుంటలు పూడేలా లప్పం పెట్టి, అడుగున డాంబరు పూశాడు. పైన నీలం రంగు వేశాడు. నేను ఎరుపూ నలుపూ కలిపి సీట్లు కుట్టాను. ఆఖరి రోజున కొత్త మ్యాటు పరిచి, తొట్టిలో కూడా మందపాటి రబ్బరు పట్టా వేసి, ఎవరూ ఎత్తి చూడకుండా అంచుల చుట్టూ జిగురు రాసి, అరచేత్తో ఒత్తి ఒత్తి అంటించాను. అంత శ్రద్ధగా నేను ఏ పనీ చేయలేదేమో. బండి షెడ్డులోంచి బయటికి వెళ్తుంటే నిజంగానే కొత్త పెళ్ళికొడుకులా ఉంది.

పది రోజులు తిరక్కుండా ఒక ఆదివారం పొద్దున మా ఇంటి ముందు హారను మోగింది. మా తమ్ముడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, అమ్మ పోయాక నా చేతుల మీదే పెరిగాడు. పన్నెండేళ్ళుగా ఇంకొకరి బండి నడుపుతూ, ఎప్పటికైనా సొంత బండి కొంటానని కలలు కంటూ, ఎల్బీనగర్ అవతల ఒక చిన్న ఇంట్లో ఉండేవాడు. బయటికి వచ్చి చూస్తే వాడు నీలం రంగు పికప్ బండి పక్కన చేతులు కట్టుకుని నిలబడి నవ్వుతున్నాడు. మరదలు పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని ఉంది.

"నీకు చెప్పకుండ కొనాలని ఆగిన అక్క. ఎట్లుంది? లోపల జూడు, సీట్లు గూడ కొత్తయే!"

తలుపు తీసి చూశాను. చూడకముందే తెలిసిపోయింది. సీటు మూలల్లో అడ్డంగా రెండు కుట్లు వేసి ముడి లోపలికి తోయడం నా అలవాటు. ఆ మూల అక్కడ ఉంది. ఆ ముడి అక్కడ ఉంది. ఊళ్ళో ఇన్ని వందల బండ్లుండగా, ఇంతమంది కొనేవాళ్ళుండగా, ఇది నా తమ్ముడి దగ్గరకే ఎలా వచ్చింది? వాడు కొబ్బరికాయ నా చేతికిచ్చి, "నువ్వే కొట్టాలె" అన్నాడు. నేను కొట్టిన దెబ్బకు కాయ పగలలేదు. వాడే నా చేతిలోంచి తీసుకుని ఒక్క దెబ్బతో కొట్టాడు. నీళ్ళు చక్రం మీద చిందాయి. మరదలు నా కాళ్ళకు దండం పెట్టింది. నేను పళ్ళెంలోంచి కుంకుమ తీసి ఆమె నుదుట పెట్టాను.

మర్నాడు మేస్త్రీ అన్నకు చెప్పాను. ఆయన చేతిలోని సుత్తి కింద పెట్టేసి, కుర్చీ కోసం వెతుక్కుని కూలబడ్డాడు. "ఇవాళే పిలిపించు తల్లీ. ఊరికే చేసిస్తాను, మొత్తం కోసి చేసిస్తాను" అన్నాడు. సాయంత్రం తమ్ముడింటికి వెళ్ళాను. మరదలు పీట వేసి, టీ ఇచ్చి, ఇకమీదట ఇంకొకరి ముందు చేతులు కట్టుకోనక్కర్లేదని, ఆయన నిద్రలో కూడా బండి మాటే మాట్లాడుతున్నాడని చెబుతూ పోయింది. ఆ ముఖం చూస్తూ నేను ఎలా చెప్పను? తమ్ముడు వచ్చాక, సీటు ఒక పక్క వంకరగా కుట్టాను, బండి షెడ్డుకు పంపు, సరిచేస్తానని అబద్ధమాడాను. సమ్మె అయిపోయాక తెస్తానన్నాడు వాడు. అంతదాకా బండి మీద బరువు వేయవద్దన్నాను.

"బరువు ఎయ్యకుంటె బండెందుకక్క?" అని వాడు పకపకా నవ్వాడు.

రేపు చెబుతాను, ఎల్లుండి చెబుతాను అనుకుంటూ తొమ్మిది రోజులు గడిపేశాను. మార్కెట్టు నడవడం లేదు కాబట్టి వాడు బరువులేమీ వేయడంలేదులే అని నన్ను నేను నమ్మించుకున్నాను.

పదో రోజున ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. మీలో చాలామంది అలాంటి వాటికి వెళ్ళే ఉంటారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే అందరూ కూర్చుని తినేవాళ్ళం. మా సందు ఆడవాళ్ళు పొద్దున్నుంచీ బియ్యం ఏరుతున్నారు. షెడ్డులో చిన్న పని ముగించుకుని నడిచి వస్తానని నేను చెప్పాను. మేస్త్రీ అన్న ఎప్పటిలా షట్టరు సగం దించుకుని లోపల ఉన్నాడు. అంతలో పెద్ద రోడ్డు మీద డప్పుల చప్పుడు వినిపించి బయటికి వచ్చాను.

నీలం బండి వస్తోంది. ముందు జెండా. తొట్టిలో నిండా నీళ్ళున్న పెద్ద డ్రమ్ము, అన్నం డేగిసాలు, కట్టెలు, వాటి చుట్టూ పదిహేను మంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అందరూ మా సందు వాళ్ళే, నాకు తెలియకుండానే తమ్ముణ్ణి అడిగి బండి మాట్లాడుకున్నట్టున్నారు. వాళ్ళ మధ్యలో, ఒక డేగిసాను రెండు చేతులతో పట్టుకుని, మా మరదలు.

నేనే ఒత్తి అంటించిన పట్టా మీద వాళ్ళ పాదాలన్నీ నా కంటికి కనిపించాయి. చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తాను.

"ఆపుర్రి! దిగుర్రి! బండాపుర్రి!"

డప్పుల హోరులో నా మాట ఎవరికి వినిపిస్తుంది? చేతులు పైకెత్తి అరుస్తూ ఉరుకుతున్న నన్ను చూసి వాళ్ళు నినాదం ఇస్తున్నాననుకున్నారు. పదిహేను పిడికిళ్ళు ఒక్కసారి పైకి లేచాయి. "జై తెలంగాణ!" అని నాకు బదులిచ్చారు. మరదలు మురిసిపోతూ, "ఉరుకు వదినే, ఉరుకు!" అని చెయ్యి ఊపింది. బండి ముందుకు వెళ్ళిపోయింది. జీవితంలో ఎన్నో చూశాను గానీ, అంత భయంకరమైన సంతోషాన్ని ఇంకెప్పుడూ చూడలేదు.

వెనక నుంచి స్కూటరు వచ్చి నా పక్కన ఆగింది. "ఎక్కమ్మా" అన్నాడు మేస్త్రీ అన్న. నెల రోజులుగా బంద్ నాడు గడప దాటని మనిషి, జనం మధ్యలోకి స్కూటరు దూకించాడు. సందుల్లోంచి పోయి, చౌరస్తాకు కొంచెం ఇవతల బండికి ముందు తేలి, స్కూటరును రోడ్డుకు అడ్డంగా పెట్టేశాడు. తమ్ముడు గట్టిగా బ్రేకు తొక్కాడు. ఆ కుదుపుకు బండి అడుగున ఎక్కడో ఎండుకొమ్మ విరిగినట్టు టక్కుమంది. అది ఏమిటో అక్కడ మా ఇద్దరికే తెలుసు.

చుట్టూ ఉన్నవాళ్ళు కోపంతో వచ్చి మూగారు. "ఎవడ్రా బండికి అడ్డమొచ్చింది?" అని ఒకరు, "షెడ్డాయన గదా, ఆంధ్రోడు" అని ఇంకొకరు. పొడుగ్గా ఉన్న ఒకతను మేస్త్రీ అన్న చొక్కా కాలరు పట్టుకుని గుంజాడు. ఆయన విడిపించుకోవాలని కూడా చూడలేదు.

"నన్ను తర్వాత కొట్టండయ్యా. ముందు ఆ ఆడవాళ్ళను దించండి, మీకు దణ్ణం పెడతాను" అన్నాడు.

నేను వాళ్ళ మధ్యలోకి తోసుకుని వెళ్ళాను.

"ఆయనను ఏమనకుర్రి! బండి అడుగు మొత్తం తుప్పు పట్టింది. నాకెరుకే. మీద పట్టా నేనే అంటించిన, ఈ చేతులతోటే అంటించిన. దిగుర్రి, మీ కాళ్ళు మొక్కుత, దిగుర్రి!"

డప్పులు ఆగిపోయాయి. తమ్ముడు బండి దిగి నా ముందు నిలబడ్డాడు. "ఏమంటున్నవక్క?" అన్నాడు, వినబడనట్టు. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కంగారుగా దిగసాగారు. ఎనిమిది, తొమ్మిది, పది మంది. బరువంతా ఒక పక్కకు ఒరిగింది. మరదలు డేగిసా ఒలికిపోతుందని దాన్ని పట్టుకుని ఆఖరున నిలబడింది. అప్పుడు తొట్టి అడుగు కూలింది. రేకు చిరిగిన చప్పుడు, దాని వెంట నీళ్ళ డ్రమ్ము సగం దాకా కిందికి దిగిపోయిన చప్పుడు, ఆపైన మరదలు పెట్టిన కేక. ఆమె కుడికాలు తొడ దాకా తొట్టిలోంచి దిగబడిపోయింది. డ్రమ్ము నీళ్ళు రోడ్డు మీద ఎర్రగా పారుతున్నాయి.

మేస్త్రీ అన్న బండి కిందికి దూరాడు. రేకు అంచులు కత్తుల్లా ఆమె కాలిని పట్టేశాయి. వాటిని వట్టి చేతులతో కిందికి వంచుతున్నాడు. అరచేతులు కోసుకుపోయి ఆయన నెత్తురు ఎక్కడ, ఆమె నెత్తురు ఎక్కడ అని తెలియడం లేదు. కాసేపటికి చూస్తే ఆయన పక్కనే మరో మనిషి వెల్లకిలా పడుకుని ఆమె పాదాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. ఇందాక కాలరు పట్టుకున్న పొడుగాటి మనిషే. "జర ఓర్చుకో చెల్లె, అయిపాయె, అయిపాయె" అంటున్నాడు. చివరకు కాలు బయటికి వచ్చింది. అతనే తన మోటారు సైకిలు మీద మరదలినీ తమ్ముడినీ ఎక్కించుకుని మలక్‌పేట దవాఖానకు తీసుకుపోయాడు. కొత్తపేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు మీద కూర్చున్న జనమంతా లేచి దారి ఇచ్చారట.

ఎముక విరగలేదు. బండి నడుస్తూ ఉండగా అది కూలి ఉంటే ఆ కాలు ఉండేది కాదని, మనిషి కూడా ఉండేది కాదేమోనని డాక్టరమ్మ చెప్పింది. చాలా కుట్లు పడ్డాయి. దవాఖాన వరండాలో తమ్ముడు గోడకు ఆనుకుని నిలబడి ఉంటే దగ్గరికి వెళ్ళాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. వాడు నా ముఖం వైపు చూడకుండా మెల్లగా అన్నాడు.

"పట్టా అంటించినవు, సరే. ఎవ్వనికో అనుకున్నవు. గని నేను నీ ముందర కొబ్బరికాయ కొడుతుంటె గూడ చెప్పకపోతివి గదక్క."

ఆ మాట అని వాడు మరదలి మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

అమ్మిన ఆసామికి ఫోను చేస్తే, చూసుకుని కొనాలె గదా అని పెట్టేశాడట. మేస్త్రీ అన్న, చేతుల కట్లు విప్పకముందే, బండిని తోయించుకుని షెడ్డుకు తెప్పించాడు. ముందు నుంచి వెనక దాకా అడుగంతా కోసి పారేశాడు. కొత్త ఇనుప కమ్ములు, మందపాటి రేకు. తమ్ముడు రోజూ వచ్చి ఒక డబ్బా మీద కూర్చుని, ప్రతి అతుకునూ కళ్ళప్పగించి చూసేవాడు. నాతో మాట్లాడేవాడు కాదు. నేను ఒక మూల కూర్చుని ఇనుప బ్రష్షుతో మిగతా భాగాల తుప్పు గీకేదాన్ని. గోళ్ళ నిండా ఎర్రటి పొడి, అన్నం ముద్దలో కూడా అదే వాసన. నాలుగో రోజో, అయిదో రోజో, వాడు లేచి వచ్చి రెండో బ్రష్షు తీసుకుని నా పక్కన కూర్చుని గీకడం మొదలుపెట్టాడు. ఇద్దరం సాయంత్రం దాకా గీకాం. పనంతా అయ్యాక నేను కొత్త మ్యాటు చుట్ట విప్పబోతే, అప్పుడు నోరు తెరిచాడు.

"మ్యాటొద్దక్క. ఇనుము కనవడాలె."

అక్క అని పిలిచినందుకు నేను ఆ ఇనుము మీదే కూర్చుని ఏడ్చాను. మేస్త్రీ అన్న ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి షెడ్డు మూసే వరకు, కొనేవాడు వచ్చి కింద చూసుకున్నాక తప్ప ఆయన ఏ బండికీ రంగు వేయలేదు, నేను మ్యాటు పరవలేదు. కొన్ని పనులు పోయాయి. పోనీలే అనుకున్నాం.

ఆ బండిని తమ్ముడు ఇంకో ఏడేళ్ళు నడిపాడు. మరదలు నడకలో ఇప్పటికీ చిన్న ఈడ్పు ఉంది. ఆమె నన్ను ఏనాడూ ఒక మాట అనలేదు గానీ, మెట్లు ఎక్కేటప్పుడు నేను ముందు పోను, ఆమె వెనకే నడుస్తాను. తెలంగాణ వచ్చిన రోజు సాయంత్రం మేస్త్రీ అన్నా ఆయన భార్యా మిఠాయి పొట్లంతో మా ఇంటికి వచ్చారు. కాలరు పట్టుకున్న పొడుగాటి మనిషి అప్పటికే మా ఇంట్లో కూర్చుని ఉన్నాడు. లేచి తన కుర్చీ ఆయనకు ఇచ్చాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు మేస్త్రీ అన్నకు చూపు మందగించి షెడ్డు మూసేశాడు. ఆ జాగాలో ఇప్పుడు నాలుగంతస్తుల టైల్స్ షోరూము వెలిసింది. రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేచాయి. పండ్ల మార్కెట్టు ఊరి బయటికి తరలిపోయింది. ఆ రోజు తొట్టిలో నిలబడ్డ పదిహేను మందిలో సగం మంది తలా ఒక అపార్టుమెంటుకు వెళ్ళిపోయారు. మా మనవడు పాత బండ్లను ఫోనులో చూపిస్తాడు. నున్నగా, మెరుస్తూ, వేలితో ఇటు తిప్పితే ఒకటి, అటు తిప్పితే ఇంకొకటి. దాన్ని ఎవరు బాగుచేశారో, ఎవరు ఏం కప్పిపెట్టారో అడిగితే వాడు నవ్వుతాడు. అమ్మేవాడు ఏ ఊళ్ళోనో ఉంటాడు నానమ్మా, మనకెందుకు అంటాడు.

నిజమే, తప్పులు అప్పుడూ చేశాం. నేనే చేశాను. కానీ ఆ రోజుల్లో తప్పు చేసిన చెయ్యి, దెబ్బ తిన్న కాలు ఒకే సందులో ఉండేవి. ఎదురుపడక తప్పేది కాదు, ఒప్పుకోక తప్పేది కాదు, మళ్ళీ కలిసి కూర్చుని అన్నం తినకా తప్పేది కాదు. ఇప్పుడు అన్నీ తప్పించుకోవచ్చు. అలా తప్పించుకునే వీలు ఆనాడు నాకు కూడా ఉండి ఉంటే నేనేం చేసి ఉండేదాన్నో అని ఆలోచిస్తే, ఈ వయసులో కూడా నాకు నిద్ర పట్టదు.